ఏడు సంతకాల రాయి

పెద్దాయన గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! పేరు మాత్రం చెప్పను. చెప్తే ఆయన లాయర్లు ఊరుకోరు, చెప్పకపోయినా మీకు తెలియకుండా పోదు. డబ్బుతో డబ్బుని పెంచే విద్యలో ఆయనంతటివాడు లేడు. ఒక్క వస్తువు తయారుచెయ్యడు, ఒక్క కొట్టు నడపడు, చేతికి మట్టి అంటనివ్వడు. పడిపోబోతున్న కంపెనీని కొని దానికి ఆరోగ్యం తెప్పిస్తానంటాడు. తీరా ఆరోగ్యం వచ్చేసరికి కంపెనీ ఉండదు. అలా నలభై ఏళ్ళపాటు ఆరోగ్యం పంచీ పంచీ అలిసిపోయాక, ఉన్నట్టుండి ఆయనకి జనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంక చూస్కోండి, బళ్ళు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, తాగే నీళ్ళు, ఎటు తిరిగినా ఆయన ఫౌండేషనే.

ఆసుపత్రి సందులో ఉన్న మంగలిని అడిగితే మాత్రం ఇంకో పెద్దాయన కనిపిస్తాడు. మంగలి లెక్కలో ప్రభుత్వాలని లేపేదీ పడగొట్టేదీ పెద్దాయనే. వానలు వెనక్కి పోతే పెద్దాయన, ఉల్లిపాయలు పెరిగితే పెద్దాయన. "నా కత్తికి పదును ఎందుకు నిలవట్లేదో తెలుసా మేస్త్రీ? ఉక్కు కంపెనీలో ఆయనకి వాటా ఉంది," అని సబ్బు నురగ రాస్తూ గుసగుసగా చెప్తాడు. అదే కుర్చీలో పొద్దున కూర్చుని గడ్డం గీయించుకునే హెడ్మాస్టరు, బడికి కొత్త బెంచీలు వచ్చిన దగ్గర్నుంచీ పెద్దాయన మాటెత్తితే చేతులు జోడిస్తాడు. ఇద్దరూ కలిసి రోజూ అరగంట పోట్లాడుకుంటారు, గడ్డం మాత్రం నున్నగా దిగుతుంది.

దేవుడన్నా దెయ్యమన్నా మేస్త్రికి ఒకటే. ఆయనకి తెలిసిందల్లా పెద్దాయన పేరులో పద్దెనిమిది అక్షరాలున్నాయని. రాయి మీద ఆ పేరు చెక్కింది ఆయనే మరి. మంగలి కొట్టుకి ఎదురుగా రేకుల షెడ్డు, షెడ్డు నిండా రాతిపొడి, ఆ పొడిలో తెల్లబడిపోయిన కనుబొమలతో మేస్త్రి. యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి. అందరూ మిషన్ల మీద అక్షరాలు కోయించుకుంటున్న రోజుల్లో ఇంకా ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చున్నాడంటే, ఆయన దగ్గర తప్పు రాయి దొరకదనే పేరు ఒక్కటే కారణం. సమాధి రాయికి ఎవరైనా "శ్రద్దాంజలి" అని రాసుకొస్తే, వాళ్ళ ఏడుపు ఆగకముందే "ద్ద కాదండీ, ద్ధ" అని దిద్దేవాడు. "పోయినాయన ఎలాగూ చదవడు కదా మేస్త్రిగారూ!" అంటే, "చదివేవాళ్ళు బతికే ఉన్నారు కదా," అనేవాడు.

ఈ చాదస్తం వెనక ఆయన సిగ్గుపడే సంగతొకటుంది. చెప్తాను.

ఈ పేటకి ఒకప్పుడు నూలు మిల్లుండేది. అక్కడ పనిచేసినవాళ్ళు, మాకు జబ్బు చేస్తే పోవడానికి చోటు లేదని, ఆరేళ్ళపాటు నెలకొక రోజు కూలి పక్కన పెట్టి ఈ ఆసుపత్రి కట్టుకున్నారు. గుమ్మం పక్కన గోడకి నల్లరాయి పెట్టి, దాని మీద నూటనలభైనాలుగు పేర్లు చెక్కించారు. అవి కూడా రిజిస్టరు పేర్లు కావు. మిల్లులో ఎవరినీ అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు, అందుకని పిలుపు పేర్లే చెక్కమన్నారు. ఎడంచేతి మావయ్య, ఈలపాట, రెండో బాయిలరు, చెవిటి అక్క, ఇలా ఉంటాయి వరస. మేస్త్రి వాళ్ళమ్మ ఆ రోజుల్లో అందరికంటే సన్నటి నూలు తీసేది, ఆమె పేరు సన్నపోగు. అప్పుడు మేస్త్రికి పదహారేళ్ళు, మేనమామ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. "మీ అమ్మ పేరు నువ్వే చెక్కరా," అని మేనమామ ఉలి చేతికిచ్చాడు. ఇంక కాలు నేల మీద నిలవలేదు, చెక్కి పారేశాడు. లేచి చూస్తే "సనపోగు" అని ఉంది. న కింద ఒత్తు లేదు.

మొదటి రాయి, మొదటి పేరు, అదీ కన్నతల్లిది! ఒత్తే కదా, కింద చోటుంది, ఇప్పుడు పెట్టేస్తానన్నాడు. తల్లి పెట్టనివ్వలేదు. "ఉండనీరా. నీకు పొగరెక్కినప్పుడల్లా చూపించడానికి పనికొస్తుంది," అంది. అన్న మాట నిలబెట్టుకుంది కూడా. నలభైమూడేళ్ళుగా, కూరలో ఉప్పు చాల్లేదని కొడుకు మొహం చిట్లించినా సరే, "నా ఒత్తు మింగినవాడివి, నువ్వా నాకు చెప్పేది!" అని ఒక్కటే దెబ్బ.

మిల్లుని పెద్దాయన కొన్నాడు. ఆరోగ్యం వచ్చింది. యంత్రాలు తూకానికి వెళ్ళిపోయాయి, స్థలం ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోయింది, జనం ఎటు పోయేవాళ్ళు అటు పోయారు. ఆసుపత్రి మాత్రం పెచ్చులూడుతూ, ఒక డాక్టరుతో, ఇద్దరు నర్సులతో మిగిలింది. సన్నపోగుకి ఇప్పుడు డెబ్బైఎనిమిది. చూపు మసకేసింది. ప్రతి గురువారం బీపీ చూపించుకోవడానికి కొడుకు చెయ్యి పట్టుకుని వస్తుంది. లోపలికి వెళ్ళేముందు రాయి దగ్గర ఆగి, మూడో వరసలో మోచేతి ఎత్తున ఉన్న తన పేరుని వేలితో తడుముతుంది. ఒత్తు ఉండాల్సిన చోట వేలు ఆపి, "ఇంకా లేదు," అంటుంది. ఆ తర్వాతే డాక్టరు.

అలాంటి ఆసుపత్రిని పెద్దాయన దత్తత తీసుకున్నాడు. దత్తత అనే మాట ఆయనదే. పెచ్చులకి సున్నం, గచ్చుకి పలకలు, పైన పెద్ద బోర్డు, నెలరోజుల్లో మొహం మారిపోయింది. ఫౌండేషన్ మేడమ్ మెళ్ళో నీలం బిళ్ళతో, చంకలో లాప్‌టాప్‌తో షెడ్డుకొచ్చింది. మనిషి మంచిదే, మర్యాదస్థురాలే, కుర్చీ తుడుచుకుని మరీ కూర్చుంది.

"మేస్త్రిగారూ, గుమ్మం దగ్గర రాయి కొత్తగా చెయ్యాలి. కొత్తగా అంటే కొత్త రాయి కాదు. పాతదాన్ని పారేస్తే పర్యావరణానికి మంచిది కాదు కదా! దాన్నే తీసి, తిప్పి, వెనకవైపు పాలిష్ చేసి అక్కడ చెక్కండి."

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. "మరి ముందున్న పేర్లు మేడమ్?"

"అవీ భద్రంగానే ఉంటాయండీ. వెనకాల."

"గోడకి అతుక్కుపోతే ఎవరు చదువుతారు?"

"వారసత్వాన్ని చదవక్కర్లేదు మేస్త్రిగారూ, గౌరవిస్తే చాలు," అని ఆవిడ నవ్వింది. ఇలాంటివి నలభై రాళ్ళున్నాయనీ, ఇది బాగుంటే అన్నీ మీకేననీ చెప్పింది. కుదరకపోతే మిషన్‌వాళ్ళు సిద్ధంగా ఉన్నారు, వాళ్ళు తిప్పడం గిప్పడం లేకుండా పాత పేర్లనే గీకేసి నున్నగా చేసిస్తామన్నారు, అని కూడా చెప్పింది.

గీకేస్తారట! మేస్త్రి వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్కటి మాత్రం అడిగాడు. "సిమెంటు పెడితే తేమకి రాయి పగుళ్ళిస్తుంది మేడమ్. కింద చిన్న గట్టు కట్టి, నాలుగు మూలలా ఇత్తడి బోల్టులు బిగిద్దాం. చూడ్డానికీ బాగుంటుంది." పగుళ్ళూ లేవు, పాడూ లేదు. అక్షరాల్లోకి సిమెంటు దూరకుండా ఉంటుందని, అంతే. ఇత్తడి బంగారు రంగు కళ్ళ ముందు మెరిసేసరికి మేడమ్ సరేనంది.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. "అయితే వచ్చే నెల నుంచి నా పేరు గోడకేసి మొహం పెట్టుకుని నిలబడుతుందన్నమాట. మేము బడికి ఆలస్యంగా వెళ్తే అలాగే నిలబెట్టేవాళ్ళు," అంది తల్లి. ఆ పూట ఎత్తిపొడవలేదు, ఉప్పు ఊసెత్తలేదు, ఒత్తు ఊసు అసలే ఎత్తలేదు. మేస్త్రికి అది తిట్టుకంటే ఎక్కువ బాధ పెట్టింది. నా చేత్తో మా అమ్మ పేరు నేనే పూడ్చిపెడుతున్నానని పెరట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక రాత సంగతి. రాయి మీద ఏం రాయాలన్నది తేల్చడానికి ఫౌండేషన్‌లో ఏడుగురికి మూడు వారాలు పట్టింది. మొదట వచ్చిన కాగితంలో, పైన మహాదాత, మానవతామూర్తి అనీ, కింద పద్దెనిమిది అక్షరాల పేరూ, ఆ కింద "వారు ప్రజలకు ఇచ్చిన కానుక ఈ ఆసుపత్రి" అనీ ఉంది. శుభ్రంగా ఉంది, చెక్కుకోవచ్చు. కానీ లాయరుకి అందులో కృతజ్ఞత కనిపించలేదు. రెండో కాగితం "వారికి ప్రజల కృతజ్ఞతలతో" అని వచ్చింది. ఇందులో కానుక ఎక్కడుందని ఇంకెవరో అడిగారు. మూడో కాగితంలో రెండూ ఉన్నాయి, అప్పుడు రాయి చాల్లేదు. నాలుగోదాంట్లో అక్షరాలు తగ్గించారు, ఐదోదాంట్లో పేరు పెంచారు. ప్రతిసారీ ఒకరు కోస్తే ఇంకొకరు అతికించారు. ఆరో కాగితం ఏడు సంతకాలతో, ఎర్ర ముద్రతో షెడ్డుకొచ్చింది.

మేస్త్రి రాయి వెనకవైపు నున్నగా పాలిష్ చేసి, సుద్దముక్కతో అక్షరాలు దించడం మొదలుపెట్టాడు. చెక్కేవాడు మాట చదవడు, అక్షరం చదువుతాడు. మూడో వరస దించాక నడుం నొప్పెట్టి వెనక్కి జరిగి చూశాడు. అప్పుడు మాట కనిపించింది.

"వారికి ప్రజలు ఇచ్చిన కానుక ఈ ఆసుపత్రి."

మళ్ళీ చదివాడు. కాగితం తెచ్చి పక్కన పెట్టుకుని చదివాడు. అంతే ఉంది. కోతల్లో అతుకుల్లో కు ప్రజల దగ్గర్నుంచి జారిపోయింది, కి వెళ్ళి పెద్దాయన దగ్గర కూర్చుంది. ఇచ్చినవాళ్ళు పుచ్చుకున్నవాళ్ళయ్యారు, పుచ్చుకున్నవాళ్ళు ఇచ్చినవాళ్ళయ్యారు. నిజానికి ఆలోచిస్తే ఇప్పుడే సరిగ్గా ఉంది, కానీ ఏడుగురు పెద్దమనుషులు కూర్చుని నిజం రాయాలని అనుకుని ఉండరు కదా!

అలవాటు మనిషిని వదలదు. మేస్త్రి ఫోను తీశాడు.

"మేడమ్, రాతలో చిన్న తేడా వచ్చింది. ఒక అక్షరం..."

"మేస్త్రిగారూ, ప్లీజ్. ఏడు సంతకాలు తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు అక్షరం అనకండి."

"అది కాదు మేడమ్, అర్థం మారిపోతోంది."

"అర్థం సంగతి కమ్యూనికేషన్ విభాగం చూసుకుంటుంది. మీ పని చెక్కడం. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క గీత మార్చినా కాంట్రాక్టు రద్దు. సరేనా?"

అదే మాట మెసేజ్‌గా కూడా పంపింది. మంచికే పోయాడు కదా పాపం, ఏం లాభం! సాయంత్రం తల్లికి మూడో వరస చదివి వినిపించాడు. ఆమె కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వి నవ్వి పొలమారితే నీళ్ళు తాగించాల్సొచ్చింది.

"ఏం చెయ్యమంటావమ్మా? నలభై రాళ్ళు పోతాయి. తప్పు చెక్కాడన్న పేరొస్తుంది."

"వాళ్ళు రాసిచ్చిందేగా! చెక్కు. ఈసారి మాత్రం ఒక్క అక్షరం మింగావంటే ఊరుకోను."

చెక్కాడు. పదకొండు రోజులు కూర్చుని, చేతిలో ఉన్న విద్యంతా పెట్టి చెక్కాడు. కి గుడి ఎంత అందంగా తిరిగిందంటే, మేడమ్ వచ్చి చూసి, పేరు సైజు టేపుతో కొలిచి, అక్షరాల మీది బంగారు రంగుని గోటితో గీకి చూసి, "అద్భుతం," అనేసి వెళ్ళిపోయింది.

ఆవిష్కరణ పొద్దున పదింటికి. కెమెరాలొచ్చాయి, కుర్చీలొచ్చాయి, మిల్లు రోజులనాటి ముసలివాళ్ళు ఓ ముప్ఫైమంది వెనక వరసల్లో కూర్చున్నారు. సన్నపోగు కూడా వచ్చింది, గురువారం కాకపోయినా. పెద్దాయన కారు దిగాడు. బక్కపల్చటి మనిషి, సాదా చొక్కా, మెత్తటి గొంతు. ఇంతేనా అనిపించేలా ఉన్నాడు. తాడు లాగితే పట్టుగుడ్డ జారింది, చప్పట్లు మోగాయి. ఫౌండేషన్ ఏడుగురూ రాయికి వీపు పెట్టి కెమెరాలకి నవ్వుతూ నిలబడ్డారు.

రాయిని చదివినవాడు మంగలి ఒక్కడే. ఎందులోనైనా కుట్ర దొరుకుతుందేమోనని వాడు దేన్నైనా అక్షరం అక్షరం చదువుతాడు, అదీ పైకి.

"వారికి... ప్రజలు... ఇచ్చిన... కానుక..." అని చదివి, నోరు వెళ్ళబెట్టి, "ఓరి నాయనో! ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటే ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు వాళ్ళే రాసుకున్నారు!" అని కేకేశాడు.

వెనక వరసల్లో ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ముప్ఫైమందీ పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా హెడ్మాస్టరు కూడా నవ్వి, తెలిశాక దగ్గు తెచ్చుకున్నాడు.

పెద్దాయన వెనక్కి తిరిగి చదివాడు. ఒక్కసారే చదివాడు. ఎంతైనా పత్రాల్లో సన్న అక్షరాలు చదివి బతికిన మనిషి.

"ఎవరు చెక్కారు?"

"నేనేనండీ," అని మేస్త్రి ముందుకొచ్చాడు.

"ఇలాగే రాసిచ్చారా?"

"ఇలాగేనండీ. ఏడు సంతకాలున్నాయి." జేబులోంచి కాగితం తీసి చూపించాడు. ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"సరిచెయ్యండి," అని మేడమ్ మెల్లగా అంది.

"రాయి మేడమ్. ఇప్పటికిప్పుడు చెరపడం కుదరదు."

కెమెరాలు దగ్గరికొస్తున్నాయి. గుడ్డ మళ్ళీ కప్పితే రేపు పేపర్లో అదే ఫోటో పడుతుంది. పెద్దాయన మెత్తటి గొంతుతోనే, "బోల్టులే కదా. వెనక్కి తిప్పండి," అన్నాడు. వెనక ఏముందో ఆయనకెవరూ చెప్పలేదు. తెలిసిన మేడమ్ నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. ఆ క్షణంలో ఆయనకి అడ్డు చెప్పేంత ధైర్యం ఆవిడకీ లేదు, ఆ ఏడుగురిలో ఎవరికీ లేదు.

మేస్త్రి జేబులో స్పానరు ఎందుకుందని అడక్కండి, పనివాడి జేబులో స్పానరు ఉండదా! నాలుగు బోల్టులు విప్పాడు. ఎనిమిదిమంది వాలంటీర్లు పట్టి రాయిని తిప్పి మళ్ళీ గట్టు మీద నిలబెట్టారు.

నూటనలభైనాలుగు పేర్లు ఎండలోకి వచ్చాయి. వెనక వరసల్లో నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలాయన లేచి నిలబడి, "ఈలపాట! అదిగో, నాది!" అన్నాడు. వాళ్ళంతా ఒక్కొక్కరే లేచి రాయి దగ్గరికొచ్చారు. మేస్త్రికి కళ్ళు మసకేశాయి, బోల్టు బిగించడానికి మూడుసార్లు తడుముకోవాల్సొచ్చింది.

మరి పెద్దాయన? ఊరికే అంతటివాడయ్యాడా ఏంటి! మైకు తీసుకుని, "ఈ పేర్లే ముందుండాలి, నా పేరు వెనక ఉంటే చాలని మొదట్నుంచీ నా కోరిక," అన్నాడు. ఏడుగురూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లన్నీ ఆ వినయాన్ని మెచ్చుకున్నాయి. హెడ్మాస్టరు ఆ పేపరు ముక్క కత్తిరించి బళ్ళో అంటించాడు. మంగలి మాత్రం ఇదంతా కూడా పెద్దాయన కుట్రేనని ఇప్పటికీ అంటాడు. మిగతా ముప్ఫైతొమ్మిది రాళ్ళూ మిషన్‌వాళ్ళకి పోయాయి. మేస్త్రికి సమాధి రాళ్ళూ శ్రద్ధాంజలులూ మిగిలాయి.

గురువారం వచ్చింది. సన్నపోగు కొడుకు చెయ్యి పట్టుకుని రాయి దగ్గర ఆగింది. వేలు మూడో వరసలోకి వెళ్ళింది, ఆ చోట ఆగింది. "ఇంకా లేదు," అంటుందని మేస్త్రి ఎదురుచూశాడు.

"ఉలి తెచ్చావా?" అంది.

"అమ్మా?"

"తెచ్చావా లేదా? ఇన్నాళ్ళూ ఎక్కడికీ పోదులే, ఎప్పుడైనా పెట్టించుకోవచ్చులే అనుకున్నాను. గోడకేసి తిప్పేస్తే తెలిసొచ్చింది. పెట్టు."

మేస్త్రి షెడ్డుకి పోయి ఉలీ సుత్తీ తెచ్చాడు. ఫైళ్ళతో లోపలికి పోతున్న ఫౌండేషన్ మేడమ్ సుత్తి చూసి పరుగెత్తుకొచ్చింది. "మేస్త్రిగారూ! అనుమతి లేకుండా ఒక్క గీత కూడా..."

"ఎవరి అనుమతి కావాలమ్మా?" అంది సన్నపోగు.

"సంతకాలు ఉండాలండీ."

"నా పేరుకి నేనొక్కదాన్నే చాలు," అని ఆమె న కింద వేలు పెట్టి చూపించింది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల్లి వేలు పక్కనే ఉలి ఆనించి, ఆమె వేలు తీసేదాకా ఆగి, నెమ్మదిగా మొదటి దెబ్బ వేశాడు.